మేడ మీద దుప్పట్లు

మూడో రోజు పొద్దున్న, బడి వరండాలో అందరికంటే ముందు లేచింది అత్తగారు. లేచింది అనడం మర్యాద కోసమే. పడుకుంటే కదా లేవడానికి! రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చుని, తెల్లారగానే బట్టలు పిండుకుంటూ, "నయమే అమ్మాయ్, నిన్న నడుము దాకా తడిశాను, ఇవాళ మోకాళ్ల దాకానే" అంది కోడలితో.

తుఫాను గాలి తగ్గింది గాని వాన తగ్గలేదు. కోడలు నవ్వలేదు. ఆమె చూపంతా ఆడపడుచు ఒళ్లోని పసిగుడ్డు మీదే ఉంది. పుట్టి పన్నెండు రోజులు. తండ్రి పక్క ఊళ్లో పనికెళ్లి, వంతెన తెగడంతో అక్కడే చిక్కుకుపోయాడు.

"పాలు తాగిందా?" అని అడిగింది.

"నోట్లో పెట్టుకుని ఊరుకుంటోంది వదినా. ఏడవడం కూడా మానేసింది."

రెండు రోజులు ఆ ఏడుపుకి చుట్టుపక్కల వాళ్లంతా విసుక్కున్నారు. ఇప్పుడు ఏడవట్లేదు అనేసరికి కోడలు దగ్గరికి జరిగింది. పాప అరికాళ్లు పట్టుకుని చూసింది. చల్లగా తగిలాయి.

బడిలో పెట్టిన ఈ తుఫాను సహాయ కేంద్రానికి బాధ్యుడు వేరెవరో కాదు, ఆమె మొగుడే. మామూలు రోజుల్లో సర్కారు గోదాములో స్టోర్ కీపర్. నాలుగు వందల మందికి రెండు మరుగుదొడ్లు, ఒక్క కుళాయి. మూడో మరుగుదొడ్డికి తాళం వేసి, తలుపు మీద 'సిబ్బందికి మాత్రమే' అని చీటీ అంటించారు. సిబ్బంది అంటే ఆయనొక్కడే. మేడ మీద సైన్సు గదిలో మూడు వందల కొత్త దుప్పట్లు కట్టలు విప్పకుండా ఉన్నాయి. ఆ తాళంచెవి ఆయన నడుముకే వేలాడుతోంది. అవి ఇవ్వాలంటే పై అధికారి సంతకం పడాలి. ఆ అధికారేమో వంతెన అవతల ఉన్నాడు. ఫోన్లు పలకడం లేదు.

ఇక గదుల సంగతి. ఊరందరికీ గదులు పంచి, తన ఇంటివాళ్లని మాత్రం జల్లు కొట్టే వరండాలో పెట్టాడు. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదట. ఆయన పరువు పొడిగానే ఉంది, తడిసింది మనుషులు.

రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆయన అటుగా వచ్చాడు. చెల్లెలి వైపు చూడకుండా తలలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఏవండీ, పాప వాలిపోయింది. ఒక్క దుప్పటి ఇవ్వండి" అంది భార్య గొంతు తగ్గించి.

"నా ఇంటివాళ్లకే మొదట ఇచ్చానంటే జనం ఊరుకుంటారా?"

"పోనీ అందరికీ ఇవ్వండి."

"సంతకం రాలేదని చెప్పానుగా."

"అది ఈదుకుంటూ రావాలేమో, పాపం! వానలో దానికి ఆలస్యమవుతోంది" అంది అత్తగారు.

ఆయన జవాబు చెప్పేలోపే కుళాయి దగ్గర గొడవ మొదలైంది. మూడు రోజుల కోపమంతా ఒక్కసారి ఆయన మీదికి తిరిగింది. జనం వరండాలోకి తోసుకొచ్చారు.

"నిన్న అన్నం పొట్లాలు సగం మందికే అందాయి. మిగతా సగం మనుషులు కారా సార్?" అన్నాడు ఆటో డ్రైవరు. "మా నాన్న తడి నేల మీద పడుకుని దగ్గుతున్నాడు. మీరేమో పొద్దుటికీ సాయంత్రానికీ మా తలలు లెక్కపెట్టుకుని పోతున్నారు. తగ్గితే ఏం చేస్తారు? కొత్తవి తెప్పిస్తారా?"

"దుప్పట్లు ఉన్నాయటగా! ఎవరికి దాచావయ్యా?" చేపలమ్మే ఆవిడ గొంతు అన్నిటికంటే పైన ఉంది. ఉదయం నుంచి రాత్రి దాకా బజారంతా వినపడేలా అరిచి బతికే గొంతు అది. "మీ ఇంటివాళ్లకి ఎప్పుడో ఇచ్చేసుంటావు. ఏదీ, ఆ సంచులు విప్పండి చూద్దాం!"

ఎవరో సంచి లాగారు. ఇంకెవరో బోర్లించారు. నీళ్లు పీల్చిన పాత బట్టలు, పాప గుడ్డలు, అత్తగారి మందుల డబ్బా తడి నేల మీద పడ్డాయి. ఒక్క దుప్పటి కూడా లేదు. తోసుకొచ్చినవాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు.

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా! నా సొంత చెల్లెలి బిడ్డ కూడా ఈ తడి నేల మీదే ఉంది. ఇంతకంటే ఏం రుజువు కావాలి మీకు?"

భార్య మెల్లగా లేచి నిలబడింది.

"రుజువా?" అంది. "మేం వానలో తడుస్తున్నాం అనుకున్నాను. మీ నిజాయితీకి సాక్ష్యం చెబుతున్నామన్నమాట!"

"అందరి ముందూ గొడవెందుకు?"

"అందరి ముందూ మమ్మల్ని చూపించింది మీరు. ఈ పాపకి జరగరానిది జరిగితే అదీ రాసుకోండి, పక్షపాతం లేదని. ప్రమోషను ఇస్తారు."

"సంతకం లేకుండా ఇస్తే ఉద్యోగమే పోతుంది. నా పని నీకేం తెలుసు?"

"తెలియకేం? పద్దెనిమిదేళ్లుగా భోజనాల దగ్గర మాకు మీ గోదామే కదా కాలక్షేపం. కొత్త సరుకు బయటికి పోవాలంటే పెద్దాయన సంతకం కావాలి. తడిసిన సరుకు పాడైందని రాసి బయటికి ఇచ్చెయ్యడానికి మీ ఒక్కరి సంతకం చాలు. కట్టలో ఒక మూల తడిసినా కట్టంతా తడిసినట్టే. అవునా, కాదా?"

"అవును. కానీ అవి తడవలేదు."

"అంతేనా అడ్డం?" అంటూ ఆమె చూరు కింద నిండిన బకెట్టు ఎత్తుకుని మెట్లెక్కింది. జనం తప్పుకుని దారిచ్చారు. ఆయన "ఆగు, ఆగు" అంటూ వెనకే పరిగెత్తాడు. ఆయన చేరేసరికి నీళ్లు సైన్సు గది తలుపు కింది నుంచి లోపలికి పోతున్నాయి.

"ఏం చేశావో తెలుసా నువ్వు?"

"తడిపాను. మూడు రోజులుగా మాకు జరుగుతున్నదే."

ఆయన గబగబా తాళం తీశాడు. తలుపు దగ్గరున్న నాలుగు కట్టలు అడుగున తడిశాయి. మిగతా కట్టలు బల్లల మీద పొడిగా ఉన్నాయి.

"నాలుగే. ఈ నాలుగూ తీసుకోండి, మిగతావి ముట్టుకోకండి" అన్నాడు. ఆటో డ్రైవరు ముందుకు దూకబోయాడు. ఆయన చేతులు అడ్డం పెట్టాడు. క్షణంలో తోపులాట జరిగేదే.

"అన్నయ్యా!"

చెల్లెలు పాపని ఎత్తుకుని మెట్ల మీద నిలబడి ఉంది. "కేంద్రానికి వచ్చిన దగ్గర్నుంచి దీన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు నువ్వు. ఎవరైనా చూస్తారనేగా? ఇప్పుడు అందరూ చూస్తున్నారు. దీని కాలు పట్టుకుని చూడు."

ఆయన చెయ్యి చాపాడు. తన బొటనవేలంత ఉన్న ఆ పాదాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. తలలు లెక్కపెట్టినన్నిసార్లు ఈ తలనీ లెక్కపెట్టాడు. అంకె తప్పలేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకున్నాడు.

తర్వాత బకెట్టు అందుకున్నాడు. అడుగున మిగిలిన నీళ్లలో వేళ్లు ముంచి, బల్లల మీది కట్టలకి ఒక్కో దానికి ఒక్కో మూల శ్రద్ధగా తడి అద్దుకుంటూ పోయాడు. ఒక్క కట్ట కూడా వదల్లేదు.

"తీసుకోండి" అన్నాడు. "అన్నీ తడిసిపోయాయి."

మొదటి దుప్పటి లాగింది చేపలమ్మే ఆవిడ. ఆయన అలవాటు కొద్దీ "వరస..." అన్నాడు.

"వరస మేం చూసుకుంటాంలే, నువ్వు తప్పుకో" అని కసిరి, పొడి వైపు చూసి మడిచి, పాపని తల్లి గుండెకి ఆనించి ఇద్దరికీ కలిపి చుట్టబెట్టింది. తన రెండు అరచేతులూ రుద్ది ఆ పాదాలకి పెట్టింది. "మీ పాపకి మేమే ఇస్తున్నాం. రేపు ఎవడైనా అడిగితే మా పేరు చెప్పు."

"ఆ మరుగుదొడ్డి తాళం కూడా ఇటివ్వండి సార్" అన్నాడు ఆటో డ్రైవరు. గొంతులో కోపం పోలేదు. ఆయన నడుము నుంచి తీసి ఇచ్చాడు.

కాసేపటికి పాప ఏడ్చింది. మేడంతా దద్దరిల్లేలా ఏడ్చింది. ఈసారి ఎవరూ విసుక్కోలేదు. చెల్లెలు గోడ వైపు తిరిగి పాలు పట్టింది. గుటకలు పడుతున్నాయని వదినకి సైగ చేసింది.

ఆయన మెట్ల మీద కూర్చుని రిజిస్టరు తెరిచాడు. 'సరుకు తడవడానికి కారణం' అన్న గడి దగ్గర కలం ఆగింది.

భార్య పక్కన కూర్చుంది. "నా పేరు రాసెయ్యండి. ఉన్నమాటేగా."

ఆయన తల అడ్డంగా ఊపి రాశాడు. 'కారణం: మూడు రోజుల ఆలస్యం. బాధ్యత: నాది.' సంతకం పెడుతుంటే ఒక నీటిచుక్క కాగితం మీద పడి సిరా అలికింది. అది వాన కాదు. ఆమె తన చేత్తో దాన్ని అద్ది, ఆ చేతిని ఆయన భుజం మీద పెట్టింది.

అత్తగారు దుప్పటి కప్పుకుని వచ్చి, వెనక నుంచి వంగి చదివింది. ముక్కు ఎగబీల్చి, కొడుకు తల నిమిరింది.

"ఒరేయ్, తేదీ వెయ్యడం మర్చిపోయావు" అంది.