మూడో పలక

కడియం నుంచి మా ఊరికొచ్చే దారిలో కాలవ మీద పలకల వంతెన ఉంది. రాత్రి తొమ్మిది దాటాక దాని మీదుగా ఎవరూ రారు. అక్కడ చీకట్లోంచి ఎవరో గొంతు తగ్గించి మొక్కలు లెక్కపెడుతుంటారు.

"లాభం... రెండు... మూడు..."

నర్సరీల్లో లారీకి లోడు ఎత్తేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. కాబట్టి ఆ గొంతు చచ్చిపోయిన కిరణ్‌దే అని ఊరు తేల్చేసింది. కిందటేడు వానల్లో మొక్కల లారీ ఆ వంతెన మీద నుంచి కాలవలోకి ఒరిగిపోయింది. లోడు లెక్కపెట్టే కూలీ కిరణ్ దాని మీదే కూర్చున్నాడు, పోయాడు. స్టీరింగు పట్టుకున్న అమ్మిరాజు బతికాడు.

చచ్చాక కూడా కూలిపని తప్పదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అయినా వంతెనకి ఇవతల ఉన్న నా పంక్చర్ల షాపు ఎనిమిదిన్నరకే కట్టేస్తాను. అది వేరే సంగతి.

ఆ వంతెనలో మూడో పలక వదులు. చక్రం ఎక్కితే 'దడ్' మంటుంది. లారీ ఒరిగే ముందు అమ్మిరాజు విన్న ఆఖరి చప్పుడు అదే. ఇప్పుడు అలాంటి చప్పుడు వినపడితే చాలు, చెమటలు పట్టేసి ఎక్కడున్నవాడు అక్కడే కూలబడిపోతాడు. ఒకసారి నా షాపులో రేకు కిందపడితే బల్ల కిందకి దూరాడు. నాకు నవ్వు రాలేదు.

రాజమండ్రి ఆస్పత్రిలో ప్రిస్కిల్లా గారనే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాడు. "భయం వేసినప్పుడు కంటికి కనిపించేవి అయిదు, చేతికి తగిలేవి నాలుగు, చెవికి వినిపించేవి మూడు, పేర్లు చెప్పుకోండి. అది కుదరకపోతే మీకు కుదిరేదేదో మీరే వెతుక్కోండి" అన్నారావిడ. పక్కింటి సువార్తమ్మ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోమన్నారు. కళ్ళు మూస్తే కాలవే కనిపించింది. బావమరిది క్వార్టర్ సీసా చాలన్నాడు. ఆ వైద్యం మాత్రం అమ్మిరాజు రెండుసార్లు చేసుకున్నాడు. అదీ పనిచెయ్యలేదు.

అమ్మిరాజు లారీ ఎక్కకపోయినా నర్సరీ యజమాని అప్పాజీ గారు ఏడాది ఓర్చుకున్నారు. చివరికి అడిగేశారు. "రేపు పొద్దున్న లోడు నువ్వు దాటిస్తావా, వేరే డ్రైవర్ని చూసుకోనా?" లారీకి ఇంకో దారి లేదు. అమ్మిరాజుకి ఇంకో పని రాదు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి, ఎవరూ చూడకుండా అలవాటు చేసుకుందామని, ఒక్కడే వంతెన దగ్గరికి నడిచాడు. తర్వాత జరిగింది అతను చెప్పినట్టే చెబుతున్నాను.

కరెంటు లేదు. వెన్నెల లేదు. మొదటి పలక... రెండో పలక... మూడోదాని మీద కాలు పెట్టాడు.

పలక కదిలింది— చిన్నగానే.

అంతే. పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాడు. కంటికి కనిపించేవి అయిదు... చీకటి ఒక్కటే కనిపిస్తోంది. దాన్నే అయిదుసార్లు చెప్పుకున్నాడు, లాభం లేకపోయింది. చేతికి తగిలేవి నాలుగు— గోడ, తడి, నాచు... నాలుగోది మెత్తగా కదిలింది. చెయ్యి తీసేశాడు.

కుదిరేది వెతుక్కోమన్నారు కదా. ఇరవయ్యేళ్ళుగా లారీ పక్కన నిలబడి వింటున్న మాటలు నోటికొచ్చాయి.

"లాభం... రెండు... మూడు..."

ఊపిరి కాస్త కిందకి దిగింది.

"నాలుగు... అయిదు... ఆరు..."

అక్కడ ఏడుపొచ్చి లెక్క తెగిపోయింది.

అప్పుడు, వంతెన అవతలి చివర నుంచి—

"ఏడు."

అమ్మిరాజు అటు తిరిగి చూశాడు. చీకటే.

"ఎనిమిది... తొమ్మిది..."

గొంతు దగ్గరికొస్తోంది. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

"కిరణ్..." అన్నాడు. "నిన్ను లోపల కూర్చోమనాల్సిందిరా. నాదే తప్పు."

లెక్క ఆగిపోయింది. కాలవ నీళ్ళు గోడకి కొట్టుకుంటున్నాయి. ఆ గొంతు మళ్ళీ పలికింది.

"ఆయన కాదండి... నేను."

వెంకటదుర్గ. కిరణ్ భార్య. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. లారీ పడ్డ రోజు నుంచి అమ్మిరాజుతో ఒక్క మాట మాట్లాడని మనిషి.

"మా ఇల్లు వంతెన పక్కనే కదండీ," అంది గుసగుసగా. "తెల్లారగట్ల ఏ లారీ అయినా వచ్చి ఆ పలక మోగిందంటే, పాపని పట్టుకుని మూలన కూర్చుంటున్నానండి. అందుకని రోజూ రాత్రి వచ్చి ఇక్కడ నిలబడి, ఆయన లెక్కపెట్టినట్టు లెక్కపెడుతున్నా. మొదట్లో నాలుగు దాటేది కాదు. ఇప్పుడు నలభై దాకా వస్తోంది."

"ఊళ్ళో దెయ్యం అంటున్నారమ్మా."

"తెలుసండి. మంచిదే అయింది. ఏడవకు అని చెప్పడానికి ఎవరూ రావట్లేదు."

మర్నాడు ఏడింటికి లారీ లోడుతో వచ్చి నా షాపు ముందు ఆగింది. ఇంజను తిరుగుతోంది, బండి కదలట్లేదు. అమ్మిరాజు చొక్కా తడిసిపోయింది. వెనక మోటార్ సైకిల్ మీద అప్పాజీ గారు వాచీ చూసుకుంటున్నారు.

దుర్గ వంతెన మీదుగా నడిచొచ్చింది. ఎవర్నీ అడక్కుండా తలుపు తీసుకుని అమ్మిరాజు పక్క సీట్లోకి ఎక్కింది.

"లాభం," అంది.

లారీ కదిలింది.

రెండు అన్నారు ఇద్దరూ. మూడు అని అరిచారు. నాలుగుకి మూడో పలక 'దడ్' మంది. లారీ ఆగలేదు, లెక్కా ఆగలేదు. ట్యూబు చేత్తో పట్టుకుని చూస్తున్న నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ట్యూబు అతికే సొల్యూషన్ ఘాటు అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఏడుపే.

పదిహేడు దగ్గర అవతలి గట్టు వచ్చింది. అమ్మిరాజు బండి పక్కకి ఆపి స్టీరింగు మీద తల వాల్చేశాడట. తల ఎత్తకుండానే అడిగాడట.

"నా మీద కోపం పోయిందా అమ్మా?"

దుర్గ కిందకి దిగి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"లేదండి అన్నయ్యగారూ. అది పోయేలా లేదండి," అంది. "రేపు లోడు ఎన్నింటికి?"