వేలెడు సందు

పాల్వంచ నుంచి ములకలపల్లి పోయే అడవి రోడ్డు మీద ఒక దిగుడు ఉంది. రోడ్డు ఉన్నట్టుండి కిందికి జారి, సన్నటి వాగు దాటి, మళ్ళీ పైకెక్కుతుంది. పగటిపూట చూస్తే భయపడాల్సిందేమీ కనిపించదు — రోడ్డు పక్కన మనిషెత్తున పేరుకున్న కొమ్మల కుప్ప తప్ప.

కొమ్మల దిగుడు అంటారు ఆ చోటిని. పొద్దుగూకాక అటు పోయే ప్రతి డ్రైవరూ ముందే ఓ పచ్చికొమ్మ విరిచి బండిలో పెట్టుకుంటాడు. దిగుడు రాగానే కుప్ప మీదికి విసురుతాడు. బండి మాత్రం ఆపడు. అక్కడ ఒక ఆడమనిషి ఉంటుందని... తెలిసిన గొంతుతో, వరస పెట్టి మరీ పిలుస్తుందని చెబుతారు. ఏమని పిలిచినా పలకకూడదు. ఆగితే ఎక్కి కూర్చుంటుంది. ఎక్కితే, ఎక్కడికి పోవాలనుకుందో అక్కడే దిగుతుంది.

ఆమె ఎవరు, ఎప్పుడు చచ్చింది అంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. తన బండిలో ఎక్కిందని చెప్పినవాడు మాత్రం ఎవడూ లేడు — ఎనభై ఆరో సంవత్సరం వానాకాలం దాకా.

ఆ ఏడు పాల్వంచ కుర్రాడు జైరాంకి కార్ల పందెం పిచ్చి పట్టింది. బొగ్గుగనిలో పనిచేసే వాళ్ళ నాయన కిరాయికి తిప్పుకొమ్మని పాత ఫియట్ కొనిచ్చాడు. జైరాం దాని ముందు స్ప్రింగులు కోయించాడు. వెనక బరువు మోసే కమాన్లలోంచి కొన్ని ఉక్కు పట్టీలు తీయించాడు. కారు నేలకు ఆనుకున్నట్టు కుంగిపోయింది. చూడ్డానికి పందెం కారే. కానీ పిడికెడంత రాయి అడ్డమొచ్చినా పక్కకు తిప్పుకుని పోవాల్సిందే.

ఈ పనులన్నీ చేసింది పాల్వంచలో షెడ్డు నడిపే మక్సూద్.

ఆ షెడ్డు నీడలో శుక్రవారాలు ఒకామె వచ్చి కూర్చునేది. పేరు నాగక్క. అడవిలో అడ్డాకులు కోసి, విస్తళ్ళు కుట్టి, పక్కనే ఉన్న చెంచురామయ్య హోటలుకు వేసేది. మక్సూద్‌ను తమ్మీ అని పిలిచేది.

"ఏంది తమ్మీ, ఈ కారు నిండు చూలాలి లెక్క కుంగింది?" అంది ఒకనాడు. "నెలలు నిండినయా?"

"మగపిల్లోడే పుడతడు నాగక్కా. నీకే మొదలు చూపిస్త" అన్నాడు జైరాం.

పిల్లాడు పుట్టలేదు గానీ, టైర్లు వచ్చాయి. మద్రాసులో పందెం కార్లకు వాడి వదిలేసిన జత. ఎత్తు, వెడల్పు. పైన ఒక్క గీత లేదు — నున్నగా ఉన్నాయి. గోరు గుచ్చితే దిగేంత మెత్తటి రబ్బరు. అవి వేసుకుంటే ఆదివారం పందెంలో తనదే గెలుపని జైరాం నమ్మకం.

మక్సూద్ పాత రిమ్ములు కోసి, మధ్యలో రేకు పట్టీ వేసి వెల్డింగు చేసి, వెడల్పు చేశాడు. వెనక రెండు చక్రాలూ ఎక్కించి జాకీ దించాడు. కారు కూర్చుంది. టైరుకూ మడ్‌గార్డ్ అంచుకూ నడుమ చూపుడువేలు పెట్టి చూశాడు. ఎడమ పక్క దూరింది. కుడి పక్క దూరింది. వేలెడు సందు — అంతే.

"పొట్టోనికి పెద్దోని చెప్పులు తొడిగినట్టున్నది" అంది నాగక్క.

మక్సూద్ నవ్వలేదు. "కమాన్లకు పట్టీలు మళ్ళ ఎక్కిద్దాం జైరాం. కారు లేస్తది."

"లేస్తే ఇంకేం సోకు భాయ్? ఎడ్లబండి లెక్క ఉంటది."

"అంచులన్న లోపలికి మడుస్త."

"కొత్త రంగు భాయ్! పెచ్చులూడదా? పందెం కానీ, తర్వాత నీ ఇష్టం."

"అయితే విను. వెనక సీటుల పిట్ట గూడ వాలొద్దు. ఒక్క మనిషి కూసున్నా... ఆ అంచు పోయి టైరును కొబ్బరి కోరినట్టు కోరుతది."

"అంటే నన్ను ఎక్కించుకునేటట్టు లేరన్నట్టు" అంది నాగక్క, విస్తళ్ళ కట్ట నెత్తికెత్తుకుంటూ.

"ఎక్కిస్తలే నాగక్కా. పందెం కానీ" అన్నాడు మక్సూద్.

శనివారం పొద్దుగూకే వేళ మక్సూద్ ఒక్కడే కారు తీసుకుని ట్రయలుకు పోయాడు. ములకలపల్లి దాకా పోయాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడింది, వాన మొదలైంది. అందరిలాగే ఓ తంగేడు కొమ్మ విరిచి పక్క సీటులో ఉన్న పనిముట్ల పెట్టె మీద పెట్టుకున్నాడు.

దిగుడు వచ్చింది.

లైట్ల వెలుతురు కొమ్మల కుప్ప మీద పడింది. కుప్ప పక్కన ఒక ఆడమనిషి... కూర్చుని ఉంది. లేవడం లేదు. చేతిలో పచ్చికొమ్మ పట్టుకుని ఊపుతోంది.

"తమ్మీ..."

అద్దం సగం దించి ఉంది. వానలోనూ మాట స్పష్టంగా వినబడింది.

"తమ్మీ... దవాఖానాకు..."

మక్సూద్ కాలు బ్రేకు మీద పడింది. కారు నెమ్మదించింది. ఆమె కొమ్మ దించి, చెయ్యి నేలకు ఆనించి లేవబోయింది.

వెనక సీటు. మడ్‌గార్డ్ అంచు. మెత్తటి రబ్బరు. రేపటి పందెం.

కాలు బ్రేకు మీంచి లేచింది. చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు, తంగేడు కొమ్మ కిటికీలోంచి బయటికి పోయింది. కారు దిగుడు దాటి పైకెక్కింది.

తెలిసిన గొంతుతో పిలుస్తదంటారు గదా, అనుకున్నాడు. వరస పెట్టి పిలుస్తదంటారు గదా. ఊరు వచ్చేదాకా అదే అనుకున్నాడు. ఊరు వచ్చేసరికి కొంచెం నమ్మాడు కూడా.

పొద్దున చెంచురామయ్య హోటల్లో చాయ్ తాగుతూ చెప్పాడు — "రాత్రి దిగుడుల నాకు కనపడ్డది." పదిమంది చుట్టూ చేరారు. ఎట్లున్నది, ఏం కట్టింది, కాళ్ళు చూసినవా అని అడిగారు. మక్సూద్ ఒక్కొక్కటీ చెప్పాడు. చెప్పేకొద్దీ అది దెయ్యమే అయింది.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. అడ్డాకులు కోస్తుంటే నాగక్కను పాము కరిచిందట. ఏదన్నా బండి దొరుకుతుందని రోడ్డు దాకా పాక్కుంటూ వచ్చిందట. కొమ్మల కుప్ప పక్కన దొరికింది... చేతిలో పచ్చికొమ్మ అట్లనే ఉంది.

"పాపం! రాత్రి నీకు కనపడ్డదే ఆమెను పట్టుకున్నది" అన్నాడు చెంచురామయ్య, మక్సూద్ భుజం మీద చెయ్యి వేసి. "నువ్వు ఆపకుండ వచ్చినవ్ గాబట్టి బతికినవ్. అల్లా నిన్ను చల్లగ చూసిండు."

మక్సూద్ గ్లాసు కింద పెట్టాడు. అవ్ అనలేదు. కాదనలేదు. ఆ ఒక్క మాట అప్పుడే అనాల్సింది. అనలేదు గనక ఇక ఎప్పటికీ అనలేకపోయాడు.

వాన పడుతోంది, నున్నటి టైర్లు, బ్రేకు వేస్తే కారు జారేది — తర్వాత ఎన్నోసార్లు తనకు తానే చెప్పుకున్నాడు. కానీ బ్రేకు వేశాడు గదా. కారు జారలేదు. నెమ్మదించింది. ఆమె లేవబోయింది కూడా.

పందెంలో జైరాం ఓడిపోయాడు. ఎత్తు టైర్లను తిప్పేంత బలం ఆ ఇంజనుకు లేదు. "నా చక్రం ఒక చుట్టు తిరిగేలోపల వాడు పోయి బీడీ ముట్టించుకున్నడు భాయ్" అని తనే చెప్పుకుని నవ్వాడు. అయినా టైర్లు విప్పనివ్వలేదు. వెనక ఎవర్నీ ఎక్కించుకోలేదు.

"అంచులు మడుస్తనన్నవ్ గద భాయ్?"

"రేపు" అనేవాడు మక్సూద్. ఏ కారుకైనా చెయ్యి పెట్టేవాడు గానీ, ఆ కారుకు పెట్టలేకపోయాడు. శుక్రవారం వస్తే మధ్యాహ్నమే షెడ్డు మూసేసేవాడు. నమాజుకు పోతున్నాడనుకున్నారు. మసీదుకు పోయేవాడు. లోపలికి పోకుండా మెట్ల మీద కూర్చుని వచ్చేవాడు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ములకలపల్లిలో ఒక ట్రాక్టరు ఆగిపోయింది. జైరాం వచ్చి మక్సూద్‌ను తీసుకుపోయాడు. పని అయ్యేసరికి రాత్రి అయింది. తిరుగు దారిలో జైరాం బండి నడుపుతున్నాడు. మక్సూద్ పక్కన కూర్చున్నాడు. వెనక సీటు ఖాళీ.

జైరాం ఒళ్ళో పచ్చికొమ్మ ఉంది. "నువ్వు తెంపలేదేంది భాయ్?"

మక్సూద్ కిటికీ అద్దం దించాడు.

దిగుడు వచ్చింది. జైరాం కొమ్మ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆపు" అన్నాడు మక్సూద్.

"ఏందీ... ఇక్కడనా?"

"ఆపు జైరాం."

"భాయ్, నీకు దండం పెడత, తమాషాలొద్దు—"

మక్సూద్ చెయ్యి చాపి హ్యాండ్ బ్రేకు లాగాడు. కారు ఆగింది. తలుపు తీసుకుని దిగాడు. కుప్ప దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఎండిన కొమ్మలు, వాటి మీద సగం వాడినవి, వాటి మీద పచ్చివి... వాగులో కప్పలు అరుస్తున్నాయి. ఎవరూ లేరు. ఏమి కనిపిస్తుందని వచ్చాడో అతనికే తెలియదు.

తిరిగొచ్చి కూర్చున్నాడు. "పోనీ."

కారు ఎత్తు ఎక్కింది. అప్పుడు మొదలైంది —

ఊఁ... ఊఁ... ఊఁ...

మూలుగు. వెనక నుంచి. కారు ఎంత వేగం పోతే అంత వేగంగా... వెంటే వస్తోంది. దాంతోపాటు వెంట్రుకలు కాలిన వాసన.

జైరాం స్టీరింగు మీదికి వంగిపోయాడు. "భాయ్... వెనక... వెనకకు చూడకు భాయ్..."

మక్సూద్ ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. మరుక్షణం అతనిలో మెకానిక్ మేలుకున్నాడు. పెద్దగా నవ్వాడు.

"అరే పాగల్! టైరు రాస్తున్నది రా. అంచుకు టైరు తగిలి మూలుగుతున్నది. దిగుడుల కమాన్లు కుంగినయ్ — గంతే."

"నిజంగనా?"

"రబ్బరు వాసన తెలుస్తలేదా?"

జైరాం ఊపిరి వదిలాడు. మక్సూద్ గుండెల మీంచి కూడా ఏదో దిగిపోయింది. ఇన్నాళ్ళూ అందరూ విన్న పిలుపులు ఇట్లాంటివేనేమో. దెయ్యం లేదు, ఏమీ లేదు. రేకు, రబ్బరు.

రోడ్డు సాపుగా అయింది. దిగుడు ఎప్పుడో దాటిపోయింది.

ఊఁ... ఊఁ...

మక్సూద్ నవ్వు ఆగింది.

దిగుడులో కుంగిన కమాన్ ఇంతసేపు కుంగి ఉండదు. సాపు రోడ్డు మీద వేలెడు సందు ఉండాలి. అతనే చూశాడు గదా, వేలు పెట్టి.

"ఆపు" అన్నాడు మెల్లగా.

టార్చిలైటు తీసుకుని దిగాడు. కుడి చక్రం దగ్గరికి పోయి వేలు పెట్టాడు. దూరింది. ఎడమ పక్కకు వచ్చాడు. అంచు టైరులో దిగబడి ఉంది. వేలు కాదు, గోరు కూడా దూరదు.

"పట్టీ ఇరిగిందేమో భాయ్?" జైరాం కిటికీలోంచి తల బయటికి పెట్టి అడిగాడు.

మక్సూద్‌కూ అదే ఆశ. బురదలో వెల్లకిలా పడుకుని కారు కిందికి పాకాడు. కమాన్ పట్టీలు ఒక్కొక్కటే తడిమాడు. విరగలేదు. క్లిప్పులు బిగువుగానే ఉన్నాయి. పట్టీలు మాత్రం... వంగి ఉన్నాయి. పైన మనిషి కూర్చుంటే ఎట్లా వంగుతాయో, అట్లా. ఎడమ వైపు.

చాలాసేపు అతను కారు కింది నుంచి బయటికి రాలేదు.

వచ్చాక వెనక కిటికీలోంచి లోపలికి టార్చి వేయలేదు. చూడాల్సిన పని లేదు. ముందు సీటులో కూర్చుని, తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాడు.

"దవాఖానాకు పోనీ" అన్నాడు.

"ఎవరికి బాగలేదు భాయ్? నీకేమన్న అయిందా?"

"పోనీ జైరాం. జల్దీ పోనీ."

"జల్దీ పోతే టైరు మొత్తం కోసుకపోతది భాయ్!"

"పోతే పోతది."

జైరాం అతని మొహం చూశాడు. యాక్సిలరేటర్ తొక్కాడు. పాల్వంచ దాకా ఆ మూలుగు వాళ్ళ వెంటే వచ్చింది. కారు నిండా కాలిన వాసన. మక్సూద్ ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం పెదవులు కదిలాయి —

"ఆలస్యమైంది నాగక్కా..."

జైరాం విన్నాడు. వినలేదన్నట్టు రోడ్డు చూశాడు.

దవాఖానా గేటు ముందు దీపం వెలుగుతోంది. వాచ్‌మన్ స్టూలు మీద కునుకుతున్నాడు. కారు ఆగింది. మూలుగు ఆగింది.

మక్సూద్ దిగాడు. వెనక ఎడమ తలుపు తీసి పట్టుకుని, ఇంటికొచ్చిన పెద్దమనిషి దిగుతుంటే నిలబడ్డట్టు, తల వంచుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు.

కొంచెంసేపు ఏమీ జరగలేదు.

తర్వాత — కమాన్ పట్టీలు కిర్రుమన్నాయి. కారు ఎడమ పక్క మెల్లగా... మెల్లగా పైకి లేచింది.

ముందు సీటులోంచి జైరాం గొంతు, గుసగుసగా వినిపించింది. "భాయ్... ఎవరు దిగిండ్రు?"

మక్సూద్ తలుపు మెల్లగా మూశాడు. కిందికి వంగి, టైరుకూ అంచుకూ నడుమ చూపుడువేలు పెట్టి చూశాడు.

దూరింది.