నంబరు కింద పేరు

మిట్టమధ్యాహ్నం పన్నెండు... భోజనాల సైరన్ మోగలేదు! కార్ల ఫ్యాక్టరీ మీద కారుమేఘాలు కమ్మి పట్టపగలే చీకటి పడింది. రేకుల కప్పు కింద గుడ్లగూబ కూసింది.

కొత్త మోడల్ తయారైన ప్రతిసారీ ఆ ఫ్యాక్టరీ యజమానుల వంశంలో ఒక ఆచారం. మొదటి కారు చాసిస్ చట్రం మీద నంబరును యజమానే కొట్టాలి, ఉక్కు అచ్చులు ఒక్కొక్కటే పెట్టి, సుత్తితో. దాని కింద ఒక కోడలి పేరు కూడా కొడతాడని బయట ఎవరికీ తెలియదు. ఆ కారును అమ్మరు, హాల్లో దాచుకుంటారు. ఆ కోడలు ఏడాది దాటదు. ఇప్పటికి ముగ్గురు పోయారు. వ్యాపారం ఖండాలు దాటింది.

నాలుగో పేరు చిన్నకోడలిది.

ఆమె చాసిస్ పక్కన కుర్చీలో కూర్చుంది. భయం రావాలి కదా అనుకుంది. రాలేదు. చేతులు ఎవరో మరిచిపోయిన గ్లౌజుల్లా ఒళ్లో పడి ఉన్నాయి.

"ఇంటి కోసమే కదమ్మా," అన్నాడు మామగారు, ఆమె వైపు చూడకుండా.

"స్పేర్ టైరును కూడా అవసరమైతేనే తీస్తారు మామయ్యా," అంది. గొంతులో కోపం కూడా లేదు.

ఈ తంతు జరిపించే మాంత్రికుడు ఆ పక్కనే కూర్చుని కపాలానికి రక్తచందనం పూశాడు. "ఈ ఇంటి మొదటి కోడలు నా కన్నకూతురే! దాన్నే బలి ఇచ్చినవాణ్ణి, నిన్ను వదులుతానా?"

సుత్తి లేచింది... మొదటి అక్షరం పడింది. ఫెళ్లున పిడుగు! చిన్నకోడలి తల వెనక్కి వాలింది. ఆమె నోట్లోంచి వేరే గొంతు...

"నాన్నా... ఈ ఇనుములో ఊపిరాడటం లేదు నాన్నా!"

మాంత్రికుడి ముఖం పాలిపోయింది. "పో! నా ఆజ్ఞ... పోవే!"

"నువ్వు నీ ప్రాణం దాచుకున్న రహస్యనామం... అమ్మ పోయే ముందు నాకు చెప్పింది."

ఆమె లేచి మామగారి చేతుల్లోంచి సుత్తి, అచ్చులు లాక్కుంది. పడిన అక్షరం మీదే తండ్రి రహస్యనామం కొట్టసాగింది. మొదటి దెబ్బకు మాంత్రికుడి చూపు పోయింది. రెండో దెబ్బకు మాట పడిపోయింది. ఆఖరి దెబ్బకు కపాలం బద్దలైంది! అతడు నిలువునా బూడిదై రాలాడు.

ఆమెలోంచి ఆ గొంతు వెళ్లిపోయింది. మామగారు గోడ దాకా వెనక్కి జరిగాడు.

తలుపు బయటి నుంచి ఫోర్‌మన్ కేకేశాడు. "అయ్యగారూ, పని ఆపి అరగంటయింది. లైను నడపమంటారా?"

మామగారు బూడిద వైపే చూస్తున్నాడు.

"నడపండి," అంది చిన్నకోడలు. "ఈ బండిని మాత్రం కరిగించండి. హాల్లో దాచిన మూడూ కూడా."

"ఆ మూడూనా! అయ్యగారి ప్రాణమమ్మా అవి..."

"ఆ ప్రాణాలు ఆయనవి కావు. కొలిమి వెలిగించండి."