దొర ముక్కు పోలేదు

ఆ రోజు పొద్దున్న కూడా దొర వెళ్ళి మాస్టారి అమ్మ గది గుమ్మంలో కూర్చుంది. దొర అంటే మనిషి కాదండోయ్, కుక్క. దాని ముక్కు సంగతి చెబితే మీరు నమ్మరు. లారీ నిండా ఉల్లిపాయలు, అట్టడుగు బస్తాలో పాత బూటు, బూటులో అగ్గిపెట్టె, అందులో చిటికెడు గంజాయి ఉందనుకోండి, లారీ ఇంకా మలుపు తిరక్కముందే దొర చెవులు నిక్కబొడుచుకునేవి. సరిహద్దు చెక్‌పోస్టులో దానికి చదువు చెప్పినాయన్ని అందరూ కుక్కల మాస్టారనేవాళ్ళు. ఆయన నేర్పింది ఒక్కటే పాఠం: వాసన తగిలితే మొరగొద్దు, కరవొద్దు, కుదురుగా కూర్చో.

అంతటి దొర రెండు నెలల కిందట ఎవరి ముందు కూర్చుందో తెలుసా? మాస్టారి పెళ్ళాం ముందు! ఆవిడది కుట్టు దుకాణం. నెలకోసారి సరిహద్దు అవతలికెళ్ళి గుడ్డ తెచ్చుకుంటుంది. ఆ గుడ్డల సంచీ ముందు దొర కూర్చోగానే చెక్‌పోస్టంతా గొల్లుమంది. "పాపం, దానికి ముక్కు పోయినట్టుందండీ," అంది ఆవిడ. మాస్టారూ నవ్వేశాడు. సంచీ విప్పకుండానే, ముక్కు పోయిందని కాగితం మీద సంతకం పెట్టి, దొరని ఇంటికి తెచ్చేసుకున్నాడు.

ఇప్పుడాయన గడ్డానికి నురగ పూసుకుని అద్దం ముందు ఉపన్యాసం వల్లెవేస్తున్నాడు. అవతల దేశంలో డాక్టరు చీటీ ఉంటే గంజాయి మందు కొనుక్కోవచ్చు. ఇక్కడ కూడా అలా ఒప్పుకుందామా వద్దా అని నాలుగు రోజుల్లో పెద్ద సభ. వద్దనేవాళ్ళ తరఫున మాస్టారే మాట్లాడాలి.

"మందనేది వీళ్ళు కప్పుకునే ముసుగు!" అని గర్జించాడు. "ఎలా ఉందే అమ్మా?"

"గట్టిగా ఉందిరా. నురగ నా మంచం దాకా ఎగిరింది," అంది అమ్మ, పాదాల కింద దిండు సర్దుకుంటూ.

అమ్మకి క్యాన్సరు జబ్బు నయమైంది గానీ, ఆ వైద్యానికి ఆవిడ కాళ్ళ నరాలు దెబ్బతిన్నాయి. పొద్దస్తమానం నిప్పుల మీద నిలబెట్టినట్టే ఉంటుంది. ఈ రెండు నెలలుగానే రాత్రిళ్ళు కాస్త కునుకు తీస్తోంది.

మాస్టారు గడ్డం కడుక్కొచ్చి, దిండు ఎండలో వేద్దామని పెరట్లోకి తీసుకెళ్ళాడు. దొర గుమ్మం వదిలేసి వెంటే వచ్చింది. దిండు ముందు కూర్చుంది. ఆయన నవ్వుతూ దిండుని గోడ వెనక పెట్టాడు. దొర అక్కడికెళ్ళి కూర్చుంది. బట్టల బుట్టలో దాచాడు. బుట్ట ముందు కూర్చుంది. మాస్టారి నవ్వు ఆగిపోయింది.

"ఆ దిండు ఇలా ఇవ్వండి, ఉతకాలి!" అంటూ పెళ్ళాం కుట్టుమిషను ముందునుంచి లేచి పరిగెత్తుకొచ్చింది. అప్పటికే ఆయన కుట్టు విప్పేశాడు. దూదిలోంచి బొటనవేలంత సీసా బయటపడింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండు నెలలండీ. అవతల డాక్టరే రాశాడు. పడుకోబోయే ముందు రెండు చుక్కలు, అంతే."

"నా చెక్‌పోస్టు మీంచే తెచ్చావా? నా కళ్ళ ముందే?"

"మాస్టారి పెళ్ళాన్ని ఎవరు సోదా చేస్తారు?"

"దొర చేసింది! దానికి ముక్కు పోయిందని నాచేత..." ఆయన దొర తల నిమిరాడు. "తొమ్మిదేళ్ళలో ఒక్క అబద్ధం ఆడని ప్రాణి. నీ మాట నమ్మి దాన్ని పనికిరానిదన్నాను."

"చెబితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు! కానీ నాతో పోట్లాడేదానివి కదా. ఆ పోట్లాట కూడా నాకు దక్కనివ్వలేదు నువ్వు."

"మీకేం, డ్యూటీకి పోతారు. అత్తయ్య గుడ్డ కరుచుకుని ఏడుస్తుంటే విన్నది నేను!"

ఆయన విసురుగా గదిలోకెళ్ళాడు. "నీకూ తెలుసా అమ్మా?"

"నా నోట్లో పడేది నాకు తెలీదేంట్రా? పారబోసెయ్. నీ ఉద్యోగానికి చిచ్చు పెట్టేది నాకొద్దు."

ఆయన సీసా మొత్తం తూములో పారబోశాడు.

తర్వాత మూడు రోజులు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. పెళ్ళాంతో మాటా లేదు, మంచీ లేదు. అమ్మ మంచం పక్కనే కుర్చీ వేసుకున్నాడు. దుప్పటి అంచు తగిలినా ఆవిడ ఒళ్ళంతా ఉలిక్కిపడేది. మూడో రోజు మధ్యాహ్నం, తను వినకూడదని ఆవిడ తువ్వాలు నోట్లో కుక్కుకోవడం చూశాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా చెప్పేదాన్నిరా, నా కొడుకు దొంగల్ని పడతాడని. ఆ దొంగని నేనే అయ్యానని నీకు చెప్పడానికి నోరు రాలేదు నాయనా."

ముప్ఫై మంది దొంగల్ని ఒంటిచేత్తో ఈడ్చుకొచ్చాడని పేరున్న మాస్టారు, అమ్మ మంచం కోడు పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు.

సభ రోజు హాలు కిటకిటలాడింది. మాస్టారు రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తియ్యనే లేదు.

"ఇది పిల్లల చేతికి చిక్కకూడదు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ నొప్పితో ఉన్నవాళ్ళకి తలుపు మూసేస్తే, వాళ్ళు కిటికీ దూకుతారు. మూడు రోజులు అలాంటివాళ్ళ పక్కన కూర్చుని అప్పుడు చెప్పండి, వద్దో కావాలో. ఇంకొక్క మాట. దొర ముక్కు పోలేదు. ఆ రోజు సంచీ ముందు అది సరిగ్గానే కూర్చుంది, నా సంతకమే తప్పు."

"అంటే ఆ రోజు సంచీలో సరుకుందా?" అన్నాడు అధ్యక్షుడు. "ఎవరిదా సంచీ?"

చెక్‌పోస్టు వాళ్ళంతా నేల చూపులు చూశారు. పెళ్ళాం మీద మాస్టారి కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఆవిడా అమ్మా కూర్చున్న వెనక వరస వైపు చూపు పోనివ్వలేదు.

"మిమ్మల్నే, మాస్టారూ."

"చెప్పనండీ. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. పెళ్ళాం లేచి నిలబడింది. "ఆ సంచీ నాది. ఆయనకేమీ తెలీదు. ఇరవై రెండేళ్ళు నన్ను నమ్మిన మనిషికి అబద్ధం చెప్పాను. తప్పు చేశానండీ."

ఇంతలో ఆవిడ పక్కన, కోడలి భుజం పట్టుకుని, ముసలావిడ లేచింది.

"మందు నాది బాబూ. కేసు నా మీద రాసుకో. కాకపోతే జైలుకి మోసుకెళ్ళాలి, నేను నడవలేను."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మాస్టారు వేదిక మీంచి ఒక్క దూకు దూకి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ఒక పక్క కోడలు పట్టుకున్న అమ్మని రెండో పక్క తను పట్టుకున్నాడు.

"కూర్చోవే అమ్మా," అన్నాడు, హాలంతా వినబడేలా. "కాళ్ళు మండిపోతున్నాయి నీకు. కూర్చో."