బుచ్చిరాములు పన్నె

మధ్యాహ్నం రెండింటికి సిరిసిల్లలో కరెంటు పోయింది. మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. నర్మద వారం నుంచి ఎదురుచూస్తున్నది ఈ నిశ్శబ్దం కోసమే.

షెడ్డు మిద్దె మీద ఆమె సొంతంగా చేసుకున్న రేకు గరాటు ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. విశ్వం పుట్టినప్పుడు లేచిన గురుత్వ తరంగాలు తొలి వెలుగులో చిన్న మెలిక వదిలి ఉంటాయంటారు. లడఖ్ కొండల మీద ఆ మెలికను వెతికే టెలిస్కోపు బృందంలో చోటు దొరకాలంటే, తన పరికరం ఆకాశాన్ని శుభ్రంగా కొలవగలదని సాయంత్రం ఐదులోగా చూపాలి. పోయినసారి "ఇది ఆకాశం కాదు, మీ ఊరి మగ్గాల అదురు" అని తిప్పికొట్టారు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

వెలుగు ఏ దిశలో ఊగుతోందో తేల్చడానికి గరాటు మూతికి మగ్గం పన్నె బిగించింది. దారాలను వరుసగా పట్టి ఉంచే ఉక్కు దువ్వెన అది.

పక్కింటి ఐలవ్వ మెట్లెక్కి వచ్చి, దాన్ని చూసి ఆగిపోయింది.

"గది మా ఆయన మగ్గందేనా?"

"అవును పెద్దమ్మా. తాళమేసి తుప్పు పట్టిస్తున్నవ్ గదా."

"బట్ట సగం మీదున్నది. ఎట్ల తీసినవ్?"

"కోసిన."

ఆమె భర్త బుచ్చిరాములు ఆ తెల్లబట్ట నేస్తూనే మగ్గం మీద ఒరిగి చనిపోయాడు. దాన్ని ఎవరూ కోయకూడదని ఐలవ్వ రెండేళ్లుగా తాళంచెవి కొంగున కట్టుకు తిరుగుతోంది. నర్మద కిటికీలోంచి దూరి పన్నె తెచ్చింది.

"నీ సదువు పాడుగాను! నేసేటోని చెయ్యి ఆగినకాడ కత్తెర పెడ్తరే?"

"ఐదు దాంక ఆగు. నీ పన్నె నీకే పారేస్త!"

ఐలవ్వ పళ్లు కొరుకుతూ దిగిపోయింది.

బ్యాటరీతో నడిచే తెర మీద గీత వణికింది. సెకనుకు రెండు దెబ్బలు. నిమిషానికి నూట ఇరవై... మగ్గం వేగం.

కరెంటు లేదు. అయినా వినిపిస్తోంది. టక్... టక్...

"ఎవడ్రా నడిపేది?" నర్మద కిందికి ఉరికింది. కింద బుచ్చిరాములు మగ్గమున్న షెడ్డు తలుపుకు తాళం. కిటికీలోంచి చూసింది. బుచ్చిరాములు మగ్గం కదలడం లేదు. తెగిన దారాలు వేలాడుతున్నాయి.

చప్పుడు పైనుంచి వస్తోంది.

మళ్లీ పైకెక్కింది. మిద్దె మీద ఎవరూ లేరు. నూనె, కొత్త గంజి వాసన. తెర మీద వేడి 1.9 కెల్విన్. ఆకాశం ఎంత చల్లగా ఉన్నా 2.7కు దిగువ ఉండదు. గరాటుకు అడ్డంగా ఏదో నిలబడి ఉంది... ఆకాశం కన్నా చల్లనిది.

"జరుగు! గిది నా కొలత!" కోపంతో అరిచింది.

"సగం మీద... కోసినవ్..."

ఊపిరంత మాట, మగ గొంతు. చెవి పక్కనే.

పన్నె సందుల్లో దారాలు ఎక్కి ఉన్నాయి. అవతల జానెడు బట్ట. తెల్లది కాదు... ఆకుపచ్చ.

నర్మద భుజం తడుముకుంది. తన ఆకుపచ్చ చున్నీ ఇప్పుడు మూరెడే ఉంది, దాని దారాలు ఊడి పన్నె వైపు సాగుతున్నాయి.

టక్... మెడ దగ్గర బిగిసింది. టక్...