జల్లెడలో ఏడో తలుపు

2091 నాటికి బంగాళాఖాతం అడుగున ఉన్న సాగరిక స్టేషన్‌లో వంట దగ్గర్నుంచి గాలి వడపోత దాకా అన్నీ యంత్రాలే చూసుకుంటున్నాయి. నీటి తలుపుల తనిఖీ ఒక్కటే మనుషులది. వంతు వచ్చినవాళ్ళు తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని అరచేత్తో తడిమి, తడి ఉందో లేదో డ్యూటీ మారేటప్పుడు నింపే ఎలక్ట్రానిక్ అప్పగింత పుస్తకంలో టైపు చేసి సంతకం పెట్టాలి. శాస్త్రవేత్తలకూ మినహాయింపు లేదు.

ఆ ఉదయం స్టేషన్ శాస్త్రవేత్త సుదక్షిణ కాళ్ళు నేలమీద నిలవడం లేదు. ఆరేళ్ళు కష్టపడి చేసిన 'జల్లెడ'ను స్టేషన్ అధికారి జోగారావుకు చూపించబోతోంది. జల్లెడ ఒక టెక్స్ట్ ఎడిటర్. పాత ఎడిటర్లకు అక్షరాలిచ్చి వెతకమనాలి. దీనికి వాక్యం అచ్చు, అంటే ప్యాటర్న్, చెబితే చాలు. లక్షల పేజీల్లోంచి ఆ అచ్చు వాక్యాలన్నీ ఏరి, పక్కపక్కన పేర్చి పోలుస్తుంది. ఒకేలా ఉన్నవి పచ్చగా, తేడాలు ఎర్రగా వెలుగుతాయి. ఏదైనా అడిగితే నోటితోనే జవాబూ చెబుతుంది.

"ఏటి తల్లీ, మా పాత రాతలు జల్లిస్తే ఏటొస్తాది, తౌడు తప్ప?" అన్నాడు జోగారావు.

"చూడండి సార్! ఏడో తలుపు, పదకొండేళ్ళ రాతలు!"

తెర నిండా ఒకే వాక్యం పరుచుకుంది. 'పట్టీ తడిమి చూశాను, పొడిగా ఉంది.' నాలుగు వేల పదిహేడు సార్లు. అంతా పచ్చదనమే, ఎర్ర చుక్క ఒక్కటీ లేదు.

"మరమ్మతుకని ఆ తలుపును పట్టీతో సహా ఊడదీసి, ఆ చోట ఉక్కుపలక బిగించి, ఆరు రోజులు పైకి పంపించాం కదా!" సుదక్షిణ ఎగిరి గంతేసింది. "ఆ ఆరు రోజులూ పొడిగానే ఉందట! నిన్నటి రాతనే తెచ్చి అతికించేశారు సార్. దొరికిపోయారు!"

అంతలోనే ఆమె నవ్వు ఆగిపోయింది. ఏడో తలుపు వెనకే బడి. కూతురు మేదిని అక్కడే ఉంది.

ఇద్దరూ పరుగెత్తారు. పట్టీమీద పెట్టిన జోగారావు అరచెయ్యి తడిగా వచ్చింది. పది నిమిషాల్లో పిల్లలందర్నీ ఖాళీ చేయించి, మధ్యాహ్నానికల్లా కొత్త పట్టీ బిగించారు. సుదక్షిణ మేదినిని గట్టిగా హత్తుకుంది. స్టేషనంతా ఆమెను ఆకాశానికెత్తేసింది.

జోగారావు మాత్రం నవ్వలేదు. "సంతకాలెట్టిన ముప్పయ్యొక్కమందీ సాయంత్రానికి సంజాయిషీ రాయాల. ఎవులి మాటల్లో వాళ్ళు రాయాల" అన్నాడు.

సాయంత్రానికి ఉత్తరాలు వచ్చాయి. "ఇవీ జల్లించు తల్లీ" అన్నాడాయన.

"ఇప్పుడెందుకు సార్, అందరూ అలసిపోయారు..."

"నీ యంత్రమే కదా, బయమెందుకు?" అంటూ ఆయనే మీట నొక్కాడు.

తెర పచ్చబడింది. 'పనిభారం వల్ల చిన్న పొరపాటు జరిగింది. మనస్ఫూర్తిగా విచారిస్తున్నాను.' ముప్పై ఒక్కసార్లు.

"ఈ మాటలు ఎక్కడివి?" జోగారావు జల్లెడనే అడిగాడు.

"2067లో మీరు రాసిన సంజాయిషీలోవి. అదీ ఏడో తలుపు గురించే" అంది జల్లెడ చల్లగా. "మంచి క్షమాపణ ఒకటి ఏరిపెట్టమని ఈ మధ్యాహ్నం ముప్పై ఒక్కమందీ నన్ను అడిగారు. ఏరిపెట్టాను."

జోగారావు తల సిగ్గుతో వాలిపోయింది. "ముందు అడిగిందెవులు?" అన్నాడు.

జల్లెడ జవాబు చెప్పేలోపే సుదక్షిణ తనేనంటూ చెయ్యెత్తింది.