నలభయ్యో చుట్టు దాటాక

గాలి పడిపోయి మూడో రోజు. కాకినాడ రేవు పక్కనున్న అయిదంతస్తుల ఇళ్ళ మీద గాలిమరలు కదలడం లేదు. బ్యాటరీలకు కావలసిన లోహాలు భూమిలో అడుగంటిపోయాక ప్రతి ఇంటి గోడలోనూ ఒక శక్తిచుట్ట వచ్చి చేరింది. గడియారంలోని స్ప్రింగులాంటిదే, కాని జానెడు వెడల్పు, వంద గజాల పొడవున్న ఉక్కుపట్టీ. గాలిమర దాన్ని ఇనుప డ్రమ్ములో బిగిస్తుంది. అది సడలుతూ దీపాలు వెలిగిస్తుంది, నీళ్ళు తోడుతుంది.

ఆ డ్రమ్మును రూపొందించిన ఇంజనీరు హైమవతి పదకొండింటికి రెండో అంతస్తులోని వీరేశం ఇంటికి వచ్చింది. వీరేశం పాత ఓడ కళాసీ. ఆ చుట్టతో నడిచే ఊపిరియంత్రం లేకుండా పది నిమిషాలు బతకలేడు. గోడలో ఏదో కీచుమంటోందని ఆయన కూతురు మంగతాయారు ఫోను చేసింది.

హైమవతి డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించింది. సన్నని వణుకు. చుట్లు చూపించే ముల్లు నలభై దగ్గరి మేకును ఆనుకుని వంగిపోయి ఉంది.

"గాలే లేదు కదమ్మా, ఇంత బిగువెలా వచ్చింది?"

"నాన్నకి చాలదేమోనని రాత్రి నేనే చేతిపిడితో ఒక చుట్టు తిప్పేనండి."

చేతిపిడి బయట నడవాలో ఉంటుంది. అక్కడ నిలబడ్డ ఎదురింటి కాసులయ్య నసిగాడు. "పొద్దున్న నేనూ రెండు తిప్పేనండి. మంగకి చెప్పలేదు."

"మేమూ మూడు తిప్పామండి" అంది పై అంతస్తు రెహానా. మెట్ల మీంచి ఒక్కో గొంతే పలికింది. పదిహేను మంది. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు.

హైమవతి ముల్లు వంక మళ్ళీ చూసింది. గాలిమరకు ఆమె బిగువుతాళం పెట్టింది. ముప్ఫై రెండు చుట్లకు అది మరను విడగొట్టేస్తుంది. చేతిపిడికి పెట్టలేదు. ఒక్క చుట్టుకే పిడిని రెండు వందల సార్లు తిప్పాలి. ఎంత గట్టి మనిషైనా రెండు మూడు చుట్లకు అలిసిపోతాడని లెక్క వేసింది. ఆ లెక్కలో ఇరుగుపొరుగు లేరు.

"అందరూ మెల్లిగా కిందికి దిగండి. గోడకి ఎవరూ తగలొద్దు."

మంగ కదల్లేదు. "నాన్నని వదిలి నేనెక్కడికీ రానండి."

పట్టీ లోపలి కొసను ఇరుసుకు తగిలించిన కొక్కెం దగ్గరే ఉక్కు ముందు తెగుతుంది. తెగితే డ్రమ్మూ గోడా మంచమూ ఏదీ మిగలదు. సడలించాలంటే పళ్ళచక్రంలో ఇరుక్కుని దాన్ని వెనక్కి తిరగనివ్వని ఇనుపనాలుకను పైకి లేపాలి. అది లేవాలంటే ముందు ఇంకో వెంట్రుకవాసి బిగించక తప్పదు.

"ఇంకా బిగిస్తారా?" అంటూ మంగ ఆమె వెంట నడవాలోకి వచ్చింది.

"కొంచెం."

హైమవతి పిడి తిప్పింది. లోపల ఉక్కు ఠంగుమంది. మంగ కళ్ళు మూసుకుంది. నాలుక లేచింది. బరువంతా హైమవతి మణికట్టు మీద పడింది.

"పట్టుకో!"

ఇద్దరూ కలిసి పిడిని ఒక్కో తిప్పే వెనక్కి వదిలారు. ముల్లు మేకును విడవడానికే గంట పట్టింది. ముప్ఫై రెండుకు దిగేసరికి మధ్యాహ్నం మూడయింది.

ఆ వారమే ఊళ్ళోని చేతిపిడులన్నిటికీ బిగువుతాళాలు పెట్టారు. నెల తిరక్కుండానే మళ్ళీ గాలి పడిపోయింది. మంగ ఫోను చేసింది.

"ముల్లు అయిదు మీద ఉందండి. నా చెయ్యి వాచిపోయింది."

"ఇప్పుడు బిగువుతాళం ఉంది కదా, భయం లేదు. పక్కవాళ్ళని పిలు."

"పిలిచేనండి. ఈ నడవాలోంచి ఎవరూ నడవడమే లేదు. పిల్లల్ని వెనక మెట్ల మీంచి తీసుకెళ్తన్నారు."

హైమవతి పరుగున వచ్చి కాసులయ్య తలుపు తట్టింది.

"పిడికి బిగువుతాళం పెట్టాం కాసులయ్యగారూ. నా మాట నమ్మండి."

"నమ్ముతానండి" తలుపు వెనకనుంచే అన్నాడాయన. "చేతులే వినట్లేదండి. ఏమనుకోకండి."

ఆమె నడవాలోకి నడిచి పిడి పట్టుకుంది. తన చెయ్యీ ముందు కదలనంది. అయినా తిప్పసాగింది. లోపల ఉక్కు చిన్నగా మూలిగినప్పుడల్లా ఆగిపోయి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ తిప్పింది. మంగ వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడవంకే చూస్తూ లెక్కపెట్టింది.

నూట తొంభై ఎనిమిది, నూట తొంభై తొమ్మిది, రెండు వందలు. ఒక చుట్టు పూర్తయింది. నడవాలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.